తమ్మీ, ఆపరేషన్‌కు ముందు ఒక మాట

నల్లగొండ

తమ్మీ,

మొన్న దేవరకొండ నుంచి ఫోన్ చేసి వానల గురించి, పత్తి గురించి, పిల్లోడి ఇంటర్ గురించి మాట్లాడి, పెట్టేసే ముందు "అన్నా, నువ్వు చేయించుకున్న ఆపరేషన్ నన్ను కూడా చేయించుకోమంటవా" అన్నావు. అంగం గట్టిపడక లోపల ఇంప్లాంటు పెట్టించుకున్నా కదా, ఆ ఆపరేషన్ సంగతి. ఇరవై నిమిషాలు తిరిగితే గానీ ఆ మాట బయటికి రాలేదు. నాకు రెండేళ్లు పట్టింది, నువ్వే నయం. పక్కన మనవరాలు ఉండి ఫోన్‌లో చెప్పలేకపోయా, అందుకే రాస్తున్నా. చదివాక చింపెయ్యి, లేదంటే మరదలికి ఇవ్వు. ఇస్తేనే మంచిది.

ముందు ఒకటి చెప్పు. పొద్దున లేచేసరికి అంగం గట్టిపడి ఉంటుందా? అప్పుడప్పుడైనా? ఉంటే లోపల నరాలు, రక్తనాళాలు ఎంతో కొంత పనిచేస్తున్నట్టే. అప్పుల టెన్షనో, మళ్లీ ఫెయిలైతే ఎట్లా అన్న భయమో అడ్డం పడుతుండొచ్చు. అట్లాంటప్పుడు ఆపరేషన్ దాకా పోవద్దు. నాకైతే అదీ ఆగిపోయి అప్పటికే మూడేళ్లయింది. పదిహేడేళ్ల షుగర్, పైగా టైముకు తిండి లేని బస్సు డ్రైవర్ ఉద్యోగం. డాప్లర్ అని రక్తం పారే తీరు చూసే స్కాన్ చేస్తే, అంగానికి రక్తం సరిగ్గా రావడం లేదు, వచ్చింది నిలవడం లేదు అని తేలింది. పొద్దుటి పూట రక్తం తీసి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కూడా చూశారు, అది బాగానే ఉంది.

యూరాలజిస్టు, అంటే మూత్రనాళాలు, మగవాళ్ల అవయవాలు చూసే డాక్టర్, అన్నిటికన్నా ముందు గుండె పరీక్షలు రాశాడు. నేను దేనికొచ్చాను, ఈయన ఏం రాస్తున్నాడని కోపమొచ్చింది. అంగానికి పోయే నాళాలు గుండె నాళాలకన్నా సన్నం, పూడిక ముందు అక్కడ తెలుస్తుంది, గుండెకు తర్వాత రావచ్చని చెప్పాడు. నువ్వు ఆ పరీక్షలు చేయించుకున్నావా? ఇంప్లాంటు సంగతి తర్వాత చూద్దాం, అవి మాత్రం ఈ వారమే చేయించు.

గట్టిపడటానికి వేసుకునే గోళీలు పనిచేయలేదన్నావు. ఎట్లా వేసుకున్నావు? నేను కడుపునిండా మటన్ తిని ఆ గోళీల్లో ఒకటైన సిల్డెనాఫిల్ మింగి, పది నిమిషాలు గోడ గడియారం చూసి, ఇది దండగని పక్కన పడేసినవాణ్ని. అది ఖాళీ కడుపున, గంట ముందు వేసుకోవాలి. వేసుకుని ఊరికే పడుకుంటే ఏమీ కాదు, మనసు కూడా అటు పోవాలి. డాక్టర్ చెప్పిన పూర్తి డోసులో ఆరేడుసార్లు చూడకుండా పనిచేయలేదని అనొద్దన్నాడు. టడలాఫిల్ అనే ఇంకో గోళీకి తిండితో అంత పేచీ లేదు. గుండె నొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు మాత్రం ఈ గోళీల జోలికే పోవద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మన బావకు ఈ మాట చెప్పు. చీటీ లేకుండా షాపులో కొంటున్నాడని విన్నా.

గోళీల తర్వాత, అంగానికి తొడిగి గాలి పీల్చే వాక్యూమ్ పంపు ఉంది. అంగం పక్కన వేసుకునే సూది ఉంది. సూది అనగానే నా పై ప్రాణాలు పైనే పోయినయ్, తీరా చూస్తే ఇన్సులిన్ సూదికన్నా పెద్ద బాధ లేదు. ఒక ఏడాది దాంతోనే నడిచింది. అది వేసుకున్నాక నాలుగు గంటలు దాటినా గట్టిదనం దిగకపోతే సిగ్గు పక్కనపెట్టి అర్ధరాత్రైనా దవాఖానకు పోవాలి, అది గుర్తుంచుకో.

బస్టాండు గోడల మీది మందుల సంగతి అడగొద్దు. ఇట్లాంటి ప్రకటనలు వేయకూడదని 1954లోనే చట్టం వచ్చింది, గోడలకు ఆ సంగతి ఇంకా తెలియదు. నేను ఒకచోట పదకొండు వేలు పోసి పొట్లాలు తెచ్చుకున్నా. ఎవడో రాయను, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మంట.

ఇక నువ్వు అడిగిన సంగతి. హైదరాబాద్‌లో డాక్టర్ బల్ల సొరుగులోంచి నమూనాలు తీసి నా చేతికిచ్చాడు. ఒకటి వంచితే వంగి, లేపితే అట్లాగే నిలబడే రెండు కడ్డీలు. ఇంకొకటి ఉప్పునీటితో నిండేది. రెండు గొట్టాలు అంగంలో, నీళ్ల తిత్తి పొత్తికడుపులో, చిన్న పంపు వృషణాల సంచిలో. పంపు నొక్కుతుంటే గొట్టాలు నిండి గట్టిపడతాయి, పని అయ్యాక ఇంకోచోట నొక్కితే నీళ్లు వెనక్కి పోతాయి. చూడ్డానికి సహజంగా ఉంటుందని ఆ పంపును చేతిలోకి తీసుకుని నొక్కి చూశా. షుగర్‌తో నా వేళ్లు తిమ్మిరి కదా, ఎక్కడ నొక్కుతున్నానో తెలియలేదు. రెండుసార్లు జారింది. మీ వదిన తీసుకుని ఒక్కసారికే నొక్కి, నా మొహం చూసి నవ్వు ఆపుకుంది.

తర్వాత డాక్టర్‌ను ఆమే అడిగింది. "ఇది సరిపడక తీసేస్తే, మా ఆయనకు మళ్లీ మునుపటిలాగ గోళీలతోనన్నా అయితదా?" ఆయన కాదన్నాడు. ఇంప్లాంటు కూర్చోబెట్టాలంటే లోపలి మెత్తటి కండను తొలిచి జాగా చేస్తారు. ఆ తర్వాత సొంతంగా గట్టిపడటం ఉండదు, గోళీలూ సూదులూ పనిచేయవు. ఇన్నేళ్లు తిరిగి నేను అడగని ప్రశ్న అది. ఇంటికొచ్చి మూడు నెలలు ఆగాం.

నిజానికి ఆమెను తీసుకుపోయిందే చాలా ఆలస్యంగా. అంతకుముందు ఒక్కణ్నే చెప్పకుండా పోయేవాణ్ని. "నువ్వు దొంగలెక్క పట్నం పోతుంటే ఎవతో ఉందనుకున్న" అంది ఒకరోజు బియ్యంలో రాళ్లేరుతూ, తలెత్తకుండా. పదకొండు వేలకన్నా ఆ మాటే ఎక్కువ తగిలింది.

నేను కడ్డీల రకం పెట్టించుకున్నా. పంపు రకం అమెరికా, డెన్మార్క్ కంపెనీలది, లక్షల్లో పని. కడ్డీల రకం మన దేశంలోనే దొరుకుతుంది, మగవాళ్ల సమస్యలు చూసే ముంబయి ఆండ్రాలజిస్టు డాక్టర్ రూపిన్ షా రూపొందించింది కూడా ఉంది, ఖర్చు చాలా తక్కువ. నా వేళ్లకూ జేబుకూ అదే సరిపోయింది. కాకపోతే ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. లుంగీ మీద బజారుకు పోవడం మానేశా, బిగుతు డ్రాయరు తప్పదు. పంపుకు ఆ బాధ లేదు గానీ అదొక మిషను, పది పదిహేనేళ్లకు చెడిపోతే మళ్లీ కోత. నీకు నలభై ఆరే కదా, ఆ లెక్క కూడా వేసుకో.

పొడవు పెరుగుతుందని ఆశపడకు. కొందరికి కొంచెం తగ్గినట్టే అనిపిస్తుంది, నాకూ అనిపించింది. స్పర్శ, సుఖం, వీర్యం పోవడం ముందెట్లా ఉంటే అట్లాగే ఉంటాయి. కోరిక లేనివాడికి అది కోరిక పుట్టించదు. ఆలుమగల మధ్య మాటలు లేకపోతే వాటినీ తీసుకురాదు.

భయపడాల్సింది ఇన్ఫెక్షన్‌కు. మందు పూత ఉన్న ఇంప్లాంట్లతో నూటికి ఒకరిద్దరికే వస్తుందన్నారు, కానీ షుగర్ అదుపులో లేనివాళ్లకు ఎక్కువ. వస్తే చాలాసార్లు మొత్తం తీసేయాల్సిందే. నా మూడు నెలల సగటు షుగర్ 9.6 ఉంటే 8 కిందికి తెస్తేనే టేబుల్ ఎక్కిస్తానన్నాడు డాక్టర్. జొన్నరొట్టె, నడక, ఇన్సులిన్‌తో 7.4కు వచ్చింది. ఆపరేషన్ గంటన్నర, వెన్నులో మత్తు. పది రోజులు వాపు, నొప్పి బాగానే ఉన్నాయి, ఎవరైనా లేవని చెప్తే నమ్మకు. ఆరు వారాలు కలయిక వద్దు, బండి వద్దు, బరువులు వద్దు. పత్తి ఏరే రోజుల్లో ఆపరేషన్ పెట్టుకోకు మరి. రేపెప్పుడైనా వేరే రోగమొచ్చి మూత్రానికి గొట్టం వేస్తామంటే, ఇంప్లాంటు ఉందని వాళ్లకు ముందే చెప్పాలి.

మంచిదేనా అంటే, నాకు మంచిదే అయింది. అన్నీ చూసి, ఇంక వేరే దారి లేదని తేలాక, ఇద్దరం ఒప్పుకుని పోయాం కాబట్టి అయింది. నువ్వు ఇంకా గోళీల దగ్గరే ఉన్నావు, అవి కూడా సరిగ్గా వాడావో లేదో.

వచ్చే ఆదివారం నల్లగొండ రా. షుగర్ రిపోర్టులు, వాడిన గోళీల స్ట్రిప్పులు తెచ్చుకో. మరదలిని తీసుకురా, నువ్వు చెప్పలేకపోతే మీ వదిన చెప్తుంది. నాటుకోడి కూర వండుతానంటోంది, నీకు మాత్రం అన్నం లేదు, రొట్టెలే.

మీ అన్న