మొదటి కారు గీతలు పడటానికే కొనండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకూ ఇదీ: అబ్బాయికి 17 నడుస్తోంది, ఇంటర్ అవ్వగానే బీటెక్‌లో చేరతాడు, కాలేజీ ఇంటికి ఇరవై కిలోమీటర్లు, కారు కావాలని పట్టుబట్టాడు, మీ చేతిలో 5 లక్షలున్నాయి. ఇప్పుడే కొనాలా, ఆగాలా? కొత్తదా, సెకండ్ హ్యాండా? ఆటోమేటికా, మాన్యువలా? మేము గుంటూరులో ఉంటాం. మా అమ్మాయికి 2025 జనవరిలో ఇలాగే ఒక పాత కారు కొన్నాం. పడ్డ తిప్పలన్నీ ఇంకా గుర్తున్నాయి కాబట్టి చెప్తున్నాను.

ముందు వయసు సంగతి. 18 నిండకుండా స్టీరింగు చేతికివ్వకండి. "మన వీధిలోనే కదా, పాల ప్యాకెట్‌కే కదా" అనే దగ్గరే అన్నీ మొదలవుతాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఎ అనే సెక్షన్ వచ్చింది. మైనరు బండి నడిపి దొరికితే తల్లిదండ్రులకో, ఓనరుకో 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇదంతా ఒక ఎత్తు, ఇన్సూరెన్సు ఒక ఎత్తు. లైసెన్సు లేనివాడు నడిపితే మన బండికి జరిగిన నష్టానికి పైసా రాదు. అవతలివాళ్లకు కంపెనీ కట్టినా, ఆ డబ్బు మళ్లీ మన దగ్గర వసూలు చేసుకునే వీలుంది.

అలాగని ఈ ఏడాది ఊరికే పోనివ్వక్కర్లేదు. మా అమ్మాయికి పదిహేడున్నప్పుడు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఒక ఆట ఆడేదాన్ని. "ఆ ఆటో ఇప్పుడేం చేస్తుందో చెప్పు" అని అడిగేదాన్ని. మొదట్లో "వెళ్తుంది, ఇంకేం చేస్తుంది" అనేది విసుగ్గా. రెండు నెలలు తిరిగేసరికి "అక్కడ ఒకావిడ చెయ్యెత్తింది, ఇండికేటరు వెయ్యకుండా ఎడమకి కోసేస్తాడు చూడు" అని ముందే చెప్పడం మొదలెట్టింది. ఈ విద్య ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ నేర్పరు.

18 నిండిన వారంలోనే ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, తీసుకున్నాం. అది ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజులు దాటాక టెస్టుకి వెళ్లొచ్చు. ఈలోగా డ్రైవింగ్ స్కూల్లో రోజుకు అరగంట చొప్పున ఇరవై రోజులు నేర్చుకుంది. ఆ బండిలో పక్క సీటు కిందా బ్రేకు, క్లచ్చు ఉంటాయి కదా, సగం డ్రైవింగు మాస్టారి కాళ్లే చేసేస్తాయి. ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పించారు, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా ఎక్కించడం నేర్పారు, టెస్టు పాసయింది. లైసెన్సు చేతికొచ్చిన మర్నాడు బ్రాడీపేటలో ఓ అడ్డరోడ్డు మలుపులో ఎదురుగా స్కూలు ఆటో వస్తే రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసేసింది. నా గుండె గుభేలుమంది. అందుకే చెప్తున్నా, లైసెన్సు వచ్చిన రోజు నుంచే అసలు నేర్చుకోవడం మొదలు. ఆ నేర్చుకోవడం ఏ బండి మీద జరగాలన్నదే మీ ప్రశ్న.

మావారికి కొత్తది కొనాలని ఉండేది. షోరూంలో రిబ్బను, నిమ్మకాయలు, ఫొటోలు, అదంతా. నేను ఒప్పుకోలేదు. మా బావగారబ్బాయి కథ నా కళ్లముందు జరిగింది. వాడికి కొత్త కారు కొనిచ్చారు. మూడో వారంలోనే గేటుకి రాసుకుని తలుపు మీద జానెడు గీత పడింది. మా బావగారు వీధి వీధంతా వినేలా తిట్టారు. ఆ తర్వాత ఓసారి డివైడరు ఎక్కించాడు. ఈసారి ఇంట్లో చెప్పలేదు. ఫ్రెండ్స్ దగ్గర అప్పు చేసి ఓ షెడ్డులో బంపరు సరిచేయించి, రంగు కొట్టించి తెచ్చి పెట్టాడు. ఆ తర్వాత రెండు నెలలు బండి ఎడమకి లాగుతూనే ఉంది, ఆ బండిలోనే కుటుంబమంతా శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కి దిగారు. సంగతి ఎప్పటికో సర్వీసింగులో బయటపడింది. నాకు భయం వేసింది గీత చూసి కాదు, గీత దాచిపెట్టడం చూసి. పిల్లలు వచ్చి "అమ్మా, గుద్దేశాను" అని చెప్పగలిగే ధర ఉన్న బండే వాళ్లకి మొదటి బండి కావాలి.

అయితే సెకండ్ హ్యాండ్ అన్నాను కదా అని లక్షన్నరకొచ్చే ముసలి బండి కొనకండి. నేను పెట్టుకున్న హద్దు 2019 జూలై, అంతకంటే పాతది వద్దు. ఆ నెల 1 నుంచి కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ముందు సీట్లకి బెల్టు అలారం, వెనక పార్కింగ్ సెన్సార్లు, స్పీడు హెచ్చరిక తప్పనిసరి చేశారు. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా ఆ ఏడాదే తప్పనిసరి అయింది. అంతకుముందు చౌక వేరియంట్లలో ఇవేవీ ఉండకపోవచ్చు. పక్క సీటు ఎయిర్‌బ్యాగు మాత్రం అన్ని కార్లకీ 2022 నుంచే తప్పనిసరి, కాబట్టి దాన్ని విడిగా అడిగి చూసుకోవాలి. ఇక్కడ రిజిస్ట్రేషన్ తేదీ కాదు, ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ కార్డులో) ఉండే తయారీ నెల, ఏడాది చూడండి. స్పీడు హెచ్చరిక 80 దాటగానే ఉండుండి మోగుతుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. మొదటిసారి మోగినప్పుడు మా పిల్ల, "అమ్మా, ఈ కారు కూడా నీలాగే గోల పెడుతోంది" అంది.

ఏ కారు అంటే, మేము 2021 టియాగో పెట్రోలు తీసుకున్నాం. 38 వేల కిలోమీటర్లు తిరిగింది, 4 లక్షల 20 వేలకు తెగింది. కార్లని గుద్దించి చూసి ఐదుకి ఇన్ని స్టార్లని ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ క్రాష్ టెస్టులో 2020 జనవరిలో టియాగోకి పెద్దవాళ్ల రక్షణకి 4 స్టార్లు వచ్చాయి. మూడు సిలిండర్ల ఇంజను, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు కాస్త వణుకుతుంది. అమ్మేటప్పుడు రేటు రాదని అందరూ భయపెట్టారు. మా వైపు సెకండ్ హ్యాండ్ అంటే స్విఫ్టే కదా. కానీ 2018లో ఆ కారుకి అదే టెస్టులో 2 స్టార్లే. మారుతి అంటేనే అంత అని కాదు, 2024 నవంబరులో కొత్త డిజైర్‌కి 5 స్టార్లు వచ్చాయి, అది మన బడ్జెట్‌లో దొరకదు అంతే. రేపు అమ్మేటప్పుడు నలభై వేలు తక్కువొస్తే వచ్చాయనుకున్నాను. డీజిల్ వద్దు. బీఎస్6 (2020 నుంచి వచ్చిన కాలుష్య నిబంధన) డీజిల్ బండి రోజూ పొట్టి దూరాలే తిరిగితే పొగ గొట్టంలోని ఫిల్టరు మసితో పూడుకుపోతుంది.

ఇప్పుడు అసలు గండం. మేము మొదట బేరం కుదుర్చుకున్నది టియాగో కాదు. విజయవాడలో ఓ డీలరు దగ్గర తెల్ల సెడాన్, అద్దంలా ఉంది, మార్కెట్ రేటు కంటే 60 వేలు తక్కువ. మావారు అడ్వాన్సు తీయబోతుంటే మా మెకానిక్ "ఒక్క నిమిషం ఆగండి సార్" అని డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని లాగడం మొదలెట్టాడు. మనం పెట్టుకునేంత కాదు, లోపలున్న చుట్టంతా బయటికి వచ్చేదాకా. చివరి మూరలో అడ్డంగా గోధుమరంగు చార. వేలితో గీకితే పొడి మట్టి రాలింది. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంత చూపించాడు, బోల్టుల మూలల్లో ఎండిన బురద. సీటు కింద పట్టాలకి తుప్పు. ఏసీ వేయగానే అత్తరు వాసన, దాని వెనక ముక్కిపోయిన వాసన. "బుడమేరులో తలస్నానం చేసొచ్చిందమ్మా ఇది" అన్నాడు. 2024 సెప్టెంబరు వరదల్లో సింగ్ నగర్ వైపు వీధుల్లో ఎన్ని కార్లు మునిగాయో మనం చూసిందే కదా. అలాంటి బండి సీట్లు ఉతికితే మెరుస్తుంది, లోపల వైర్ల కనెక్టర్లు మాత్రం నెమ్మదిగా తుప్పు పడుతూ ఓ రోజు హైవే మీద ఆగిపోతుంది. ఎయిర్‌బ్యాగు పేలుతుందో లేదో దేవుడికే తెలియాలి. మెకానిక్‌కి రోజు కూలీ 1,500 ఇచ్చాం. నేను పెట్టిన ఖర్చులన్నిటిలో అదే చౌక.

మీరు కూడా సొంత మెకానిక్‌ని తీసుకెళ్లండి, డీలరు చూపించే మనిషిని కాదు. బండి ఉదయాన్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. మా బండికి రెండు టైర్లు అలా చూసే మార్పించాం. చలానాలు పెండింగు ఉన్నాయేమో బండి నంబరుతో చూసుకోండి. లోను తీరి ఉంటే బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకోవాలి, లేకపోతే ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. ఓనరు పేరు మార్పుకి పెట్టే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని "పేరు నిదానంగా మార్చుకుందాం" అనే మాట మాత్రం వినకండి. ఇన్సూరెన్సు మీ పేరు మీదకి 14 రోజుల్లోగా మార్పించుకోవాలి. మార్చకుండా గుద్దితే మన బండి రిపేరుకి క్లెయిము ఇవ్వరు. క్లెయిము చేయనందుకు ప్రీమియంలో పాత ఓనరుకిచ్చే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) ఆయనతోనే పోతుంది, కాబట్టి ప్రీమియం తేడా కట్టమంటారు, కంగారు పడొద్దు.

ఆర్‌సీ ఎవరి పేరు మీద అనే దానిపై ఇంట్లో కొంచెం చర్చ జరిగింది. పాలసీతో వచ్చే 15 లక్షల ప్రమాద బీమా లైసెన్సు ఉన్న ఓనరుకే వర్తిస్తుంది. రోజూ నడిపేది అమ్మాయి కాబట్టి ఆమె పేరు మీదే పెట్టాం. ఆటోమేటిక్ కావాలా అని కూడా మీరడిగారు. ట్రాఫిక్ ఎక్కువున్న ఊరయితే క్లచ్చు తొక్కక్కర్లేకుండా గేర్లు తనే మార్చుకునే ఏఎమ్‌టీ హాయి. మేం మాన్యువలే తీసుకున్నాం, హాఫ్ క్లచ్ ఒకసారి కాలికి వస్తే ఏ బండయినా నడపగలదని.

మొదటి నెల నేనో, మావారో పక్కన కూర్చున్నాం. పొద్దున్న ఐదున్నరకి ఇన్నర్ రింగు రోడ్డు, ఆ తర్వాత కూరగాయల మార్కెట్టు, ఆ తర్వాత కావాలని వానలో. చివర్లో మిర్చి యార్డు వైపు. సీజన్లో టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు రోడ్డుకి అటూ ఇటూ ఆగి ఉంటాయి, లారీల సందులోంచి మనుషులు ఉన్నట్టుండి బయటికొస్తారు. అక్కడ భయపడకుండా నడిపిన రోజు ఒంటరిగా కాలేజీకి పంపించాం. ఆరు నెలలు స్నేహితుల్ని ఎక్కించుకోకూడదనీ, ఫోను వెనక సీట్లో బ్యాగులో ఉండాలనీ పెట్టాం. రెండోది పాటించింది. మొదటిది నాలుగో నెలలోనే జారిపోయింది, నాకు తెలుసని తనకి తెలియదు.

మొదటి గీత గేటు స్తంభానికే పడింది, మా బావగారింట్లో లాగే. దిగొచ్చి, "అమ్మా, నాన్నకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా" అంది. ఆయన పేపరు పక్కన పెట్టి బయటికెళ్లి చూసి, "స్తంభానికేమయింది?" అన్నారు. ఆ గీత ఇప్పటికీ అలాగే ఉంది, రంగు వేయించలేదు.

మీ 5 లక్షల్లో బండికి నాలుగుంపావు దాటనివ్వకండి. మిగిలింది టైర్లకి, పేరు మార్పుకి, ఇన్సూరెన్సుకి, రెండు డెంటింగులకి సరిపోతుంది. ఏదైనా బండి చూస్తే మోడలు, తయారీ నెల, తిరిగిన కిలోమీటర్లు, చెప్పిన రేటు రాయండి, మా మెకానిక్‌ని అడిగి చెప్తాను.