అడగకుండా ఫ్లైవీల్ మార్చారు, ఆ సొమ్ము కట్టాల్సిందేనా?

ప్రశ్న: మాది తెనాలి. 2012లో కొన్న డీజిల్ కారుకు క్లచ్ జారుతోందని గత నవంబరులో మా అబ్బాయి విజయవాడలోని ఒక వర్క్‌షాపులో ఇచ్చి వచ్చాడు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, కూలీ కలిపి రూ.16,500 అవుతుందని ఎస్టిమేట్ రాసిచ్చారు. నాలుగో రోజు నేను వెళితే రూ.52,300 బిల్లు చేతిలో పెట్టారు. గేర్‌బాక్స్ దించాక ఫ్లైవీల్ (ఇంజిన్‌కు, క్లచ్‌కు మధ్య తిరిగే బరువైన చక్రం) కూడా పాడైందని తెలిసిందట, మార్చేశారట. మాకు చెప్పలేదే అంటే, మీ అబ్బాయికి ఫోన్ చేశామన్నారు. మొత్తం కట్టేదాకా బండి ఇవ్వమన్నారు, కట్టి తెచ్చుకున్నాను. రెండు నెలలకే మొదటి గేరులో కారు వణుకుతోంది. అడిగితే పాత బండికి గ్యారంటీ ఉండదంటున్నారు. చట్టపరంగా నాకు దారి ఉందా?

జవాబు: దారి ఉంది. అయితే మీ అనుమతి తీసుకోలేదన్న వాదన కన్నా, కారు నుంచి తీసిన పాత ఫ్లైవీల్, ఇప్పుడు బిగించి ఉన్న కొత్త ఫ్లైవీల్ ఈ వివాదాన్ని ఎక్కువగా తేలుస్తాయి. అందువల్ల, వణుకు ఎంత చిరాకు పెట్టినా, కారును వెంటనే మరో మెకానిక్ షెడ్డుకు తీసుకువెళ్లి గేర్‌బాక్స్ దింపించవద్దు. మూడో మనిషి చేయి పడిందంటే, లోపం అతని వల్లే వచ్చిందని వర్క్‌షాపు చెప్పడానికి మీరే అవకాశం ఇచ్చినవారవుతారు.

ముందుగా అనుమతి సంగతి. ఎస్టిమేటులో లేని పనికి యజమాని సమ్మతి తీసుకోవాలన్నది ఒప్పందంలోని మూలసూత్రమే. కానీ 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు మరొకరికి న్యాయబద్ధంగా ఒక పని చేసిపెట్టినప్పుడు, దాని ప్రయోజనం పొందినవారు పరిహారం ఇవ్వవలసి ఉంటుంది. వర్క్‌షాపు న్యాయవాది ఈ సెక్షన్‌ను తప్పక పట్టుకుంటారు. దానికి మీ సమాధానం ఏమిటంటే, ఆ పనిని స్వీకరించడానికో తిరస్కరించడానికో మీకు అవకాశమే ఇవ్వలేదు. బండిలో బిగించేసిన తరువాత ఫ్లైవీల్ వద్దని చెప్పే వీలు ఎవరికీ ఉండదు. అంతేకాదు, అసలు మార్చవలసిన అవసరం ఉందా అన్న ప్రశ్న మిగిలే ఉంది. మీ కారులో ఉన్నది మామూలు గట్టి ఇనుప ఫ్లైవీల్ అయితే, పైపై గాట్లు, వేడికి పడిన నీలిమచ్చలు ఉన్నప్పుడు నిర్ణీత మందం తగ్గనంత వరకు లేత్ మీద ఫేసింగ్ (పైపొరను చెక్కి నున్నగా చేయడం) చేయించి తిరిగి వాడవచ్చు. లోపల స్ప్రింగులున్న డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అయితే సాధారణంగా మార్చడమే మార్గం, ధర కూడా ఎక్కువే. మీ బిల్లులో ‘ఫ్లైవీల్ – 1, రూ.31,000’ అని మాత్రమే ఉంటే, ఏ రకం, ఏ కంపెనీది, పార్ట్ నంబరు ఎంత అన్నవి లిఖితపూర్వకంగా అడగండి. తీసిన పాత భాగాన్ని చూపమనండి. అది తుక్కులో అమ్మేశామంటే, అమ్మేశామని కూడా రాసి ఇమ్మనండి, రూ.31,000 వసూలుకు కారణమైన వస్తువును యజమానికి చూపకుండా తీసివేయడం వినియోగదారుల కమిషన్ ముందు మీకే ఉపకరిస్తుంది.

బండిని ఆపడం గురించి మీరు ఇష్టపడని మాట ఒకటి చెప్పాలి. అదే చట్టం 170వ సెక్షన్, శ్రమతో లేదా నైపుణ్యంతో పని చేసినవారికి, తగిన ప్రతిఫలం అందేవరకు ఆ వస్తువును తమ వద్దే ఉంచుకునే హక్కు ఇస్తోంది. కాబట్టి బండి ఆపడమే నేరమని పోలీసు స్టేషనుకు వెళ్లి ప్రయోజనం లేదు. ఆ హక్కు అప్పగించిన పని మేరకే ఉంటుంది గనుక, ఒప్పుకున్న రూ.16,500 ఇస్తామన్నా మొత్తం కోసం ఆపారన్నది మీ పక్షాన నిలిచే వాదన. చెల్లించేటప్పుడు బిల్లు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి ఉంటే ఎంతో బాగుండేది. రాయలేదు కాబట్టి, ఆ విషయాన్ని ఇప్పుడు వర్క్‌షాపుకు పంపే లీగల్ నోటీసులో స్పష్టంగా పేర్కొనాలి.

‘పాత బండికి గ్యారంటీ లేదు’ అన్న మాటకు చట్టంలో విలువ తక్కువ. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కొలిచేది చేసిన సేవ నాణ్యతను, బండి వయసును కాదు. అయినా సేవాలోపాన్ని రుజువు చేసే భారం ఫిర్యాదుదారుడిదేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజిన్ మౌంటింగులు అరిగినా, ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ వెనుక ఉండే ఆయిల్ సీలు కారి క్లచ్ ప్లేటుకు ఆయిల్ అంటినా, హాఫ్ క్లచ్ మీద (పెడల్ సగం నొక్కి ఉంచి) నడిపినా కారు ఇలాగే వణుకుతుంది. ఎదుటి పక్షం మొదట చెప్పేది చివరి కారణమే. అందుచేత ముందు నోటీసు పంపి, ఇరుపక్షాల సమక్షంలో ఒక ఆటోమొబైల్ ఇంజినీరు చేత గేర్‌బాక్స్ తెరిపించి, ఫోటోలు తీయించి, నివేదిక రాయించడం శ్రేయస్కరం. వారు రాకపోతే, భాగాన్ని సీలు చేసి ప్రయోగశాలకు పంపే అధికారం 38వ సెక్షన్ కింద జిల్లా కమిషన్‌కు ఉంది. ఖర్చు మొదట మీరే కట్టవలసి రావచ్చు.

వర్క్‌షాపు విజయవాడలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే, అంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలలోపు గనుక ఫీజు లేదు, న్యాయవాది కూడా తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి చూడటంలో తప్పులేదు, కానీ దానికోసం గడువు పోగొట్టుకోవద్దు. పరిహారం అడిగేటప్పుడు మనోవేదనకు లక్షలు కోరవద్దని నా సలహా. ఉచితంగా సరిచేయాలి, లేదా ఫ్లైవీలు, దాని కూలీ కింద తీసుకున్న సొమ్ము వడ్డీతో తిరిగి ఇవ్వాలి, ఖర్చులు ఇవ్వాలి అని ప్రత్యామ్నాయంగా కోరితే, ఆ కోరిక నమ్మదగినదిగా ఉంటుంది.

ఇక మీ అబ్బాయి. బండి అప్పగించినది ఆయనే, జాబ్ కార్డులో బహుశా ఆయన నంబరే ఉంది. ఆయన ‘సరే చేయండి’ అని ఉంటే, మీకు తెలియకపోయినా మీ తరఫున ఇచ్చిన సమ్మతిగానే కమిషన్ చూసే అవకాశం ఎక్కువ. అప్పుడు అనుమతి వాదన వదిలి, నాణ్యత మీదే నిలబడాలి. ఫోన్ వచ్చింది గానీ ధర చెప్పలేదంటే కథ వేరు. నోటీసు రాయించే ముందు ఆ రోజు కాల్ లాగ్, వాట్సాప్ సందేశాలు ఆయనతో కలిసి చూడండి, జ్ఞాపకం ఉన్నంత వరకు జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టించండి. అఫిడవిట్‌లో ఆయన చెప్పేది దానికి భిన్నంగా ఉండకూడదు.