ఊఁ కొట్టడం ముందు నేర్చుకో

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన ప్రశ్నల పట్టిక రెండూ చదివాను. జపాన్‌ని మనుషుల మాటల్లోంచి తెలుసుకుని తెలుగులో వరసగా రాయాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. అక్కడి సంగతులంటే ప్రాణం పెట్టేవాళ్ళతోనూ, ఏళ్ళ తరబడి ఒకే విషయం మీద పనిచేసిన పండితులతోనూ కూర్చుని మాట్లాడతానన్నావు. తప్పకుండా చెయ్యి. కానీ ఆ ఇరవై రెండు ప్రశ్నల్లో పద్దెనిమిది కొట్టేశాను. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకు.

నీ మొదటి ప్రశ్న "వాబి-సాబి అంటే మీ దృష్టిలో ఏమిటి?" పాతబడటంలోనూ, లోపంలోనూ అందం చూసే జపాన్ వాళ్ళ దృష్టికి పేరు అది. నేనూ ఒకప్పుడు సరిగ్గా దీంతోనే మొదలుపెట్టాను. ఫుకుయి ప్రిఫెక్చర్‌లో ఎచిజెన్ అని, చేత్తో కాగితం చేసే ఊళ్ళున్న ప్రాంతం. మంచి చలికాలంలో ఒక పెద్దావిడ పనిచేసే చోటికి దుబాసీని వెంటబెట్టుకుని వెళ్ళి, కూర్చున్న వెంటనే ఈ ప్రశ్న అడిగాను. ఆవిడ "సా..." అని తల కాస్త పక్కకి వంచి ఊరుకున్నారు. ఇంకోలా అడిగాను. మళ్ళీ అంతే. ఏం చెయ్యాలో తెలీక, ఇద్దామని తెచ్చిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తీసి రెండు చేతులతో అందించాను. ఆవిడ వెంటనే తినలేదు. మడత నెమ్మదిగా విప్పి, ఒక రేకుని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూశారు, అంచుని వేళ్ళ మధ్య రాసి చూశారు, ఇది ఎలా తీస్తారని అడిగారు. బోర్లించిన కుండ, కింద మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ, ఒక్క ఊపులో కుండ మీద పరిచి తీస్తే రేకు లేచొస్తుంది అని చెప్పాను. చేసేది ఆడవాళ్ళా అన్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళే అన్నాను. ఇక్కడా అంతే అన్నారు. ఆ తర్వాత రెండు గంటలు ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు.

ఏం చెప్పారంటే, కొజో అని మల్బరీ జాతి చెట్టు ఉంటుంది, దాని బెరడు నార ఉడకబెట్టి, దంచి, తొట్టెలో చన్నీళ్ళలో కలుపుతారు. ఆ నీళ్ళలో తొరొరొ-అఓయి అనే మొక్క వేరు నుంచి తీసిన జిగట పోస్తారు, ఆ మొక్క మన బెండకి దగ్గర చుట్టం, బెండకాయ కోసినప్పుడు కత్తికి సాగే జిగురు లాంటిదే అది. దానివల్ల నార అడుక్కి దిగిపోకుండా నీళ్ళంతా సమానంగా తేలుతుంది, తడి కాగితం మీద తడి కాగితం దొంతరగా పేర్చినా తర్వాత దేనికది విడిగా వచ్చేస్తుంది. వాతావరణం వేడెక్కితే ఆ జిగట పల్చబడిపోతుంది. అందుకే మంచి కాగితానికి చలికాలమే కావాలి. తొట్టె పక్కన పొగలు కక్కుతున్న వేడినీళ్ళ గిన్నె ఎందుకుందో నాకప్పుడు అర్థమైంది. వేళ్ళు మొద్దుబారితే కాగితం మందం చేతికి తెలీదు, అందుకని మధ్యమధ్య అందులో ముంచుకుంటారు. ఆవిడ చేతులు నాకు ఇప్పటికీ గుర్తే, మణికట్టు దాకా ఎర్రగా, గోళ్ళు అరిగిపోయి.

అందుకే చెప్తున్నా, జపాన్ గురించి ఎవరినీ అడగకు. ఆ మనిషి పొద్దున్న లేచి ఏం చేస్తారో అడుగు. నిన్నెవరైనా వచ్చి "తెలుగు ఆత్మ అంటే ఏమిటి?" అంటే ఏం చెప్తావు? ఏదో సభలో విన్న మాట అప్పజెప్తావు. అదే మీ అమ్మమ్మ ఆవకాయకి ఏ కాయ ఏరుతుందో, ఆవపిండి ఎవరిచేత కొట్టిస్తుందో అడిగితే నీ నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

ఇక వినడం గురించి. ప్రశ్నల మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా నువ్వు దీని మీద పెట్టినట్టు లేదు. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో "హై", "ఎఎ", "నరుహొదొ" అంటూ ఉండటాన్ని జపనీస్‌లో ఐజుచి అంటారు. ఆ మాట కొలిమి దగ్గర పుట్టింది. దాగలి మీద ఎర్రగా కాలిన ఇనుముంటే గురువు ఒక దెబ్బ, ఎదురుగా నిలబడ్డ శిష్యుడు ఒక దెబ్బ, వంతులవారీగా వేస్తారు చూడు, ఆ రెండో సమ్మెట పేరే ఐజుచి. మన భాషలో కూడా ఊఁ "కొట్టడమే" కదా! బుర్రకథలో వంతలు "తందాన తాన" అనకపోతే కథకుడి గొంతు ఎలా ఎండిపోతుందో, అక్కడ నువ్వు ఊఁ కొట్టకపోతే మాట్లాడేవాళ్ళు అలా ఆగిపోతారు. వినడం లేదేమో, ఏదైనా తప్పు మాట్లాడానేమో అని టెన్షన్ పడతారు. ఫోన్‌లో అయితే మరీను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వాళ్ళు "హై" అన్నారు కాబట్టి నీ మాట ఒప్పుకున్నారని రాసేయకు. చాలాసార్లు అది "వింటున్నాను" అనే. "సో దెసు నే..." అని సాగదీస్తే ఆలోచిస్తున్నారని. "చొత్తో..." అని వాక్యం మధ్యలో వదిలేస్తే కుదరదని, ఇక దాన్ని పట్టుకుని లాగొద్దని. "ఆలోచిస్తాను" అన్నా చాలామటుకు అంతే. మనకి ఇది కొత్త కాదు, పెళ్ళి సంబంధం దగ్గర "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అంటే ఏమిటో మన ఇళ్ళల్లో పసిపిల్లలకీ తెలుసు. హొన్నె, తతెమయె అని మనసులో మాట వేరు, పైకి చెప్పే మాట వేరు అని రెండు పదాలు పట్టుకుని జపాన్ వాళ్ళదేదో వింత స్వభావం అన్నట్టు రాసేవాళ్ళున్నారు. నువ్వు ఆ దారిన పోకు.

నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర నాకు బాధేసింది. ఇంగ్లీషులో మాట్లాడి, ఇంగ్లీషులో రాసుకుని, తర్వాత తెలుగు చేస్తానన్నావు. ఎందుకమ్మా అంత చుట్టు? జపనీస్‌లో "తబెతె మిరు" అంటారు. తబెతె అంటే తిని, మిరు అంటే చూడు. తిని చూడు! "కత్తె ఒకు" అంటే కొని పెట్టు, ఒకు అంటే అచ్చంగా పెట్టడమే. మనం "అని అనుకుంటున్నాను" అన్నచోట వాళ్ళు "తొ ఒమొఇమసు" అంటారు, ఆ "తొ" మన "అని"లాగే మాట చివర వచ్చి కూర్చుంటుంది. క్రియ మనకి లాగే వాక్యం చివర్లో. ఈ రెండు భాషలూ చుట్టాలని నేననడం లేదు, కానీ ఇంత చక్కగా ఒకదానిలోంచి ఒకదానిలోకి నడిచి వెళ్ళే దారి ఉండగా ఇంగ్లీషు వంతెన ఎక్కి దిగితే సగం సామాను మధ్యలోనే పడిపోతుంది. హైకూకి పదిహేడు సిలబుల్స్ అని ఇంగ్లీషు పుస్తకాలు చెప్తాయి. వాళ్ళు లెక్కపెట్టేది మన మాత్రకి చాలా దగ్గరగా ఉంటుంది. టోక్యో అన్నా, నిప్పొన్ అన్నా మన ఛందస్సులో రెండేసి గురువులు, నాలుగేసి మాత్రలు, వాళ్ళ లెక్కలోనూ నాలుగే. గురులఘువులు తెలిసిన తెలుగువాడికి ఇది అర నిమిషంలో అర్థమవుతుంది. నువ్వు రాస్తున్నది ఆ పాఠకుడి కోసమే కదా.

అందుకని ముందు హిరగన అనే జపనీస్ లిపి నేర్చుకో, 46 అక్షరాలు, రోజూ కూర్చుంటే రెండు మూడు వారాల పని. దుబాసీ కావాలంటే అక్కడున్న మనవాళ్ళని అడుగు. టోక్యోలో ఎదొగవా వార్డులోని నిషి-కసాయి వైపు 2000 ప్రాంతంలో వై2కె పనుల మీద, అంటే కొత్త శతాబ్దానికి కంప్యూటర్లలో తేదీల లెక్క సరిదిద్దడానికి, వచ్చిన ఐటీ వాళ్ళతో మొదలై ఇప్పుడు పెద్ద భారతీయ బస్తీయే ఉంది. అక్కడ పుట్టి పెరిగి ఇంట్లో తెలుగు, బడిలో జపనీస్ మాట్లాడే పిల్లలు ఎవరైనా దొరికితే నీ అదృష్టం.

అభిమానుల విషయానికొస్తే, మొదటి సంభాషణ తెలుగు సినిమాని ప్రేమించే జపనీయులతో పెట్టుకో. "ఆర్ఆర్ఆర్" అక్కడ 2022 అక్టోబర్ 21న విడుదలై ఏడాది దాటాక కూడా థియేటర్లలో ఆడింది, 2024 జనవరిలో తకరజుకా వాళ్ళు దాన్ని రంగస్థలం మీదికి తెచ్చారు. తకరజుకా అంటే 1914 నుంచి ప్రదర్శనలిస్తున్న, అందరూ ఆడవాళ్ళే ఉండే నాటక సంస్థ, అంటే భీమ్, రామ్ ఇద్దరూ ఆడవాళ్ళే. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చిన కథ నువ్వు వాళ్ళకి చెప్పు, ఆడవాళ్ళు మగవేషం కట్టే ఒతొకొయకు నడక, గొంతు ఎలా సాధన చేస్తారో వాళ్ళని అడుగు. ఇద్దరి దగ్గరా ఇచ్చిపుచ్చుకునే సరుకుంటేనే అది సంభాషణ. లేకపోతే వాంగ్మూలం తీసుకున్నట్టుంటుంది. "నాటు నాటు" పాట నేర్చుకోవడం కోసం తెలుగు అక్షరాలు దిద్దిన మనిషి ఎవరైనా ఎదురుపడితే, ఏ అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయిందో అడుగు. నీ భాష నీకు కొత్తగా కనిపిస్తుంది.

అభిమాని మాటలో వెలుగుంటుంది, నీడ కనిపించదు. రైళ్ళ సంగతే తీసుకో. అక్కడ రైలు పిచ్చి ఉన్నవాళ్ళలో ఫొటోలు తీసేవాళ్ళు తొరితెత్సు, ఎక్కి తిరిగేవాళ్ళు నొరితెత్సు, రైళ్ళ చప్పుళ్ళు రికార్డు చేసుకునేవాళ్ళు ఒతొతెత్సు, ఇలా ఎన్ని రకాలో. వాళ్ళు నీకు ఎంత చెప్తారంటే, డ్రైవరు ఒక్కో సిగ్నలునీ వేలెత్తి చూపించి పైకి చెప్పడం దగ్గర్నుంచి, రైలు లేటైతే స్టేషన్లో ఇచ్చే ఆలస్యపు చీటీ దాకా, ఒక పుస్తకానికి సరిపడా. ప్రేమగా విను, అన్నీ రాసుకో. ఆ తర్వాత రైల్వే భద్రత చదువుకున్నవాళ్ళ దగ్గర కూర్చో. 2005 ఏప్రిల్ 25న ఒసాకా పక్కన అమగసాకిలో ఒక ప్రయాణికుల రైలు గంటకి 70 కిలోమీటర్ల లోపు తిరగాల్సిన మలుపులోకి దాదాపు 116 మీద వచ్చి పట్టాలు తప్పి అపార్ట్‌మెంటులోకి దూసుకుపోయింది. డ్రైవరుతో కలిపి 107 మంది చనిపోయారు. ఆ కుర్రాడికి 23 ఏళ్ళు. రైలు అప్పటికి నిమిషంన్నరలోపే ఆలస్యం. పొరపాట్లు చేసిన డ్రైవర్లకి శిక్షలాగా నడిచే "శిక్షణ" ఒకటి ఉండేదని, అతన్ని కమ్మిన భయంలో దానికీ భాగముందని ఆ తర్వాత దర్యాప్తులో తేలింది. సమయపాలన గురించి రాసేటప్పుడు ఆ నిమిషంన్నర నీ వ్యాసంలో ఉండాలి. అభిమాని చెప్పిన అందాన్ని తీసెయ్యమనడం లేదు, రెండూ ఒకే పేజీలో ఉండనీ.

నిజమైన పండితులని గుర్తుపట్టడం తేలికే. నువ్వు "జపాన్‌లో ఇలా చేస్తారట కదా" అనగానే "ఏ కాలంలో? ఏ ఊళ్ళో? ఎవరు?" అని ఎదురడుగుతారు. విసుక్కోకు, ఆ మూడు మాటలే నీకు కావాల్సినవి. ఇకిగై మీద, అంటే బతుక్కి అర్థమిచ్చేది అనే మాట మీద, నువ్వు పెట్టుకున్న ప్రశ్న అలాంటి వాళ్ళ ముందు నిలబడదు. ఇకిగై అంటూ అందరూ చూపించే ఆ నాలుగు వలయాల బొమ్మ జపాన్‌లో పుట్టినది కాదు, జీవిత లక్ష్యం గురించి పడమటి దేశాల్లో తిరుగుతున్న బొమ్మకి 2014లో ఒకరు ఈ పేరు తగిలించారు. అక్కడ మామూలు మనుషులు ఈ మాటని మనవరాలి గురించో, పెరట్లో ముల్లంగి మడి గురించో వాడతారు. దీని మీద 1966లో పుస్తకం రాసిన మియెకో కామియా మానసిక వైద్యురాలు. ఒకయామా దగ్గర నగషిమా దీవిలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో పనిచేశారు. ఇల్లూ, పేరూ, ఒంట్లో సత్తువా అన్నీ పోయినవాళ్ళలో కొందరు ఇంకా దేని కోసం బతుకుతున్నారు అన్నది ఆవిడ ప్రశ్న. ఆ దీవికీ, మన దగ్గర విజయ సూత్రాల వీడియోల్లో వినిపించే ఇకిగైకీ ఎంత దూరమో చూడు! నీ వరసలో నేను అన్నిటికంటే ఎదురుచూసేది ఈ వ్యాసం కోసమే.

ఇంకో మాట, నీ జాబితాలో అందరూ టోక్యో, క్యోటో వాళ్ళే. ఒకినావా నుంచి ఒకరినైనా చేర్చు. హొక్కైదొలో ఐను ప్రజలున్నారు, వాళ్ళని ఆదివాసులుగా గుర్తిస్తూ చట్టం వచ్చింది 2019లోనే, అంతకు ముందు ఎన్ని తరాలు ఆ మాట కోసం ఎదురుచూశాయో వాళ్ళ నోటే వినాలి. దాదాపుగా ఇల్లు దాటి బయటికి రాని హికికొమొరి మనుషులు 15 నుంచి 64 ఏళ్ళ మధ్య 14 లక్షల పైచిలుకు ఉంటారని 2023లో ప్రభుత్వ సర్వే అంచనా వేసింది. అయితే ఆ తలుపు అవతలున్న మనిషిని ఇంటర్వ్యూ చెయ్యాలని నువ్వు ఉబలాటపడకు. తలుపు ఇవతల రోజూ భోజనం పళ్ళెం పెట్టే తల్లి మాట్లాడటానికి ఒప్పుకుంటే చాలు, ఆవిడ చెప్పొద్దన్నది రాయకు.

రాసింది అచ్చుకిచ్చే ముందు వాళ్ళ మాటలు వాళ్ళకి తిరిగి చదివి వినిపించు. అక్కడ ఇది మర్యాద, నీకు రక్ష కూడా. ఒకసారి తొందరలో నేనా పని చెయ్యలేదు. ఒక కుమ్మరి నాతో చనువుగా అన్న మాట అచ్చులో వాళ్ళ గురువుగారిని తప్పుపట్టినట్టు పడింది. ఆయన నన్ను ఏమీ అనలేదు. ఆ తర్వాత నా ఉత్తరాలకి జవాబు మాత్రం రాలేదు. పదేళ్ళయింది.

నేను ఉంచిన నాలుగు ప్రశ్నలకి ఎర్ర సిరాతో గీత పెట్టాను, చూసుకో. మొదటి సంభాషణ అయ్యాక వ్యాసం పంపకు, రికార్డింగ్‌ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి పంపు, నువ్వు ఊఁ కొట్టిన చోట్లు, వాళ్ళు ఆగిన చోట్లు, ఎన్ని క్షణాలు ఆగారో అన్నీ కలిపి. పూతరేకులు ఇక్కడి నుంచి పంపిస్తాను, చిన్న డబ్బాలు ఆరు చాలా?

ఆశీస్సులతో,
మీ మాస్టారు