పిల్లి బొమ్మ ఎలుక తోక మింగేసింది, ఆగి చూడొచ్చా?

మా పిల్లి ఆడుకునే బొమ్మ ఎలుక తోక కొరికి మింగేసింది, అయినా హుషారుగానే తిరుగుతోంది, దొడ్డికి పోయేదాకా చూడొచ్చా అని అడిగారు కదా. ముందు ఆ తోక దేనితో చేసిందో చూడండి. తాడో, దారమో, ఎలాస్టిక్కో, రిబ్బనో అయితే అస్సలు ఆగొద్దండీ, ఈ రోజే డాక్టరుకి చూపించండి. ఇప్పుడు బాగానే ఉంది కదా అనుకోడానికి లేదు, మా పిల్లి కూడా మొదటి రోజంతా బాగానే ఉంది.

మాది నరసాపురం దగ్గర పల్లె. అమ్మ లేసు అల్లుతుంది కాబట్టి ఇంట్లో దారం ఎప్పుడూ ఉంటుంది, పిల్లలు ఆ దారానికి గుడ్డబంతి కట్టి ఆడిస్తుంటే పిల్లి దారం తెంపి మింగేసింది. మర్నాడు చేపముక్క పెడితే వాసన చూసి వెళ్లిపోయింది, ఆ తర్వాత పసుపుగా నురగ కక్కి మంచం కింద దూరింది, ఎంత పిలిచినా రాలేదు. భీమవరం తీసుకెళ్తే డాక్టరుగారు పొట్ట పట్టి చూసేముందే నోరు తెరిచి నాలుక ఎత్తి చూశారు. దారం ఒక కొస అక్కడ చుట్టుకుని ఉంది, మిగతాది లోపలికి పోయింది.

పిల్లి నాలుక మీద సన్నటి ముళ్లు గొంతు వైపుకి వంగి ఉంటాయి, అందుకే నోట్లోకి వెళ్లిన దారాన్ని ఉమ్మడం దానికి కష్టం. ఒక కొస ఎక్కడో పట్టుకుని రెండోది పేగుల్లోకి దిగితే, బొందు లాగితే లంగా కుచ్చుకున్నట్టు పేగు మొత్తం దారం మీదికి కుచ్చుకుపోతుంది. ఆ బిగువుకి పేగు కోసుకుపోయిందంటే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ కొస వేలాడుతూ కనిపించినా దయచేసి లాగొద్దు.

ఇంట్లో పెద్దవాళ్లు ఆముదం పట్టమంటారు, ఇంకెవరో ఉప్పునీళ్లతో కక్కించమంటారు. రెండూ వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఉప్పు ఒంట్లో ఎక్కువైతే అదే విషం. హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టినా పిల్లి కడుపు లోపల పుండు పడుతుంది. నొప్పికని పారాసెటమాల్ వేస్తే అది పిల్లిని చంపేస్తుంది, చిన్న ముక్క కూడా వేయకండి.

తోక కాకుండా నున్నటి చిన్న ప్లాస్టిక్ కన్నో, రబ్బరు ముక్కో అయితే డాక్టరుకి ఫోన్‌లో సైజు చెప్పి, ఆయన సరేనంటే రెండు మూడు రోజులు దొడ్డికి వెళ్లినప్పుడల్లా చూసుకోవచ్చు. ఈలోగా కక్కినా, తిండి మానేసినా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా వెంటనే వెళ్లిపోండి. లైటు వెలిగే బొమ్మలో బటన్ బ్యాటరీ గానీ, అయస్కాంతం గానీ మింగితే రాత్రయినా సరే బయలుదేరాల్సిందే.

మన వైపు పశువుల ఆసుపత్రుల్లో ఎక్కువగా గేదెలకీ, ఆవులకీ, కోళ్లకీ చూస్తారు. అందుకని ముందే ఫోన్ చేసి పిల్లికి ఎక్స్‌రే తీస్తారా, మత్తిచ్చి ఆపరేషన్ చేస్తారా అని అడిగి వెళ్లండి. భీమవరం, రాజమండ్రి, కాకినాడల్లో వాకబు చేయండి, గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల కూడా ఉంది. మిగిలిన బొమ్మ వెంట తీసుకెళ్లండి, మాకు అదే చాలా ఉపయోగపడింది. దారం, ప్లాస్టిక్ లాంటివి ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడవు, పేగు ముడుచుకున్న తీరు, గాలి చేరిన తీరు బట్టి పోల్చుకోవాలి, ఏం మింగిందో తెలిస్తే డాక్టరు పని సులువవుతుంది. కడుపు దాటకముందే వెళ్తే, ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం దింపడం) ఉన్నచోట కోయకుండానే తీయగలరు, కానీ దానికి కొన్ని గంటలే టైముంటుంది. వెళ్లేముందు తిండి పెట్టొద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

మా పిల్లికి పొట్ట కోసి తీశారు, కోలుకుంది. ఆపరేషన్ తర్వాత తిండి మీద గట్టిగా కన్నేసి ఉంచమన్నారు, ఎందుకంటే పిల్లి కొన్ని రోజులు ఏమీ తినకపోతే లివర్ దెబ్బతింటుంది. కొంచెం కొంచెంగా చేపల ఉడుకునీళ్లు, ఉప్పూ కారం లేకుండా, పట్టాం.

మీరు ముందు ఫోన్ చేయండి, డాక్టరుగారు ఏమన్నారో తర్వాత తీరిగ్గా రాద్దురుగాని.