ఫుట్‌బాల్ క్లబ్బులు తమ ఊరికి నిజంగా ఏమైనా చేస్తాయా, లేక అదంతా పబ్లిసిటీనా?

పబ్లిసిటీ కొంత ఉంటుంది, పని కూడా ఉంటుంది. ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బులకు దీనికోసం విడిగా ఒక చారిటీ ఉంటుంది. లీగ్ ఇచ్చే నిధులు, గ్రాంట్లు, విరాళాలతో అది నడుస్తుంది.

లివర్‌పూల్ నగరంలోని ఎవర్టన్ క్లబ్బునే తీసుకోండి. వాళ్ల చారిటీ 1988లో మొదలైంది. మామూలు బడిలో ఇమడలేని పిల్లల కోసం 2012లో స్కూలు పెట్టారు. 2023లో గుడిసన్ పార్క్ స్టేడియం దగ్గరే మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచారు. మనసు బాగోలేదని డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడే మగవాళ్లు కూడా క్లబ్ పేరు చూసి గడప తొక్కుతారు. నన్నడిగితే డబ్బుకంటే ఆ పేరే పెద్ద పెట్టుబడి.

అన్నీ క్లబ్బులే చేయవు లెండి. అదే నగరంలో 2015లో ఎవర్టన్, లివర్‌పూల్ క్లబ్బుల అభిమానులు కలిసి, లేనివాళ్లకు ఉచితంగా తిండి సరుకులు ఇచ్చే ఫుడ్‌బ్యాంకులకు సరుకులు పోగుచేయడం మొదలుపెట్టారు. మైదానంలో బద్ధశత్రువులే! మ్యాచ్‌కి వచ్చేవాళ్లు బీన్స్ డబ్బాలో, పాస్తా ప్యాకెట్లో బయట ఇచ్చేసి లోపలికి వెళ్తారు. వాళ్ల వ్యాన్ ఊదా రంగులో ఉంటుంది. ఒకరి జెర్సీ ఎరుపు, ఇంకొకరి జెర్సీ నీలం కలిస్తే వచ్చే రంగు అన్నమాట.