31 వేల అప్పా, అయిదు నెలల ఆలస్యమా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాం. గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్లయింది. నాకు 37 ఏళ్లు, ఇండియాలో మూడేళ్ల బీకాం చదివాను. మా వారి జీతం ఏడాదికి లక్షా 18 వేల డాలర్లు. నేను ఒక స్టోర్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను, నెలకు 1,300 చేతికొస్తుంది. పిల్లలు ఇద్దరు, తొమ్మిదేళ్లు, అయిదేళ్లు. సర్జికల్ టెక్నాలజిస్ట్, అంటే ఆపరేషన్ థియేటర్లో సర్జన్‌కి పనిముట్లు అందించే ఉద్యోగి, అవ్వాలని గట్టిగా ఉంది. ఒక ప్రైవేట్ కెరీర్ స్కూల్ వాళ్లు జనవరిలోనే సీటు ఇస్తామంటున్నారు. కోర్సు 15 నెలలు, ఫీజు 31 వేలు. 12 శాతం వడ్డీకి పదేళ్ల లోన్ కూడా వాళ్లే ఇప్పిస్తారట. కమ్యూనిటీ కాలేజీలో అయితే మొత్తం 9 వేలే. కానీ ముందు అనాటమీ లాంటి సబ్జెక్టులు పూర్తి చేసి ఆగస్టు బ్యాచ్‌కి అప్లై చేయాలి, సీటు వస్తుందన్న గ్యారంటీ లేదు. చేతిలో 11 వేలు, పిల్లల చదువు కోసం దాచే 529 ప్లాన్‌లో 16 వేలు ఉన్నాయి. వాటిని వాడొచ్చా? ఏ దారిలో వెళ్లమంటారు?

జవాబు: కమ్యూనిటీ కాలేజీకే వెళ్లండి. ఈ ఆగస్టులో సీటు రాకపోయినా అదే మేలు. లెక్క చూపిస్తాను. కానీ లెక్కకన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఏ స్కూలైనా సరే, ఆ సర్జికల్ టెక్నాలజీ కోర్సుకి గుర్తింపు ఉందా?

"మా స్కూల్ అక్రెడిటెడ్" అని అడ్మిషన్ల వాళ్లు చెబితే అక్కడితో ఆగకండి. స్కూలుకి ఉండే గుర్తింపు వేరు, కోర్సుకి ఉండే గుర్తింపు వేరు. ఈ వృత్తిలో ఆస్పత్రులు ముఖ్యంగా అడిగేది సీఎస్‌టీ (సర్టిఫైడ్ సర్జికల్ టెక్నాలజిస్ట్) సర్టిఫికేషన్. ఎన్‌బీఎస్‌టీఎస్‌ఏ అనే బోర్డు 175 ప్రశ్నలతో నాలుగు గంటల పరీక్ష పెట్టి ఇస్తుంది. కొత్తగా చదువుకుని వచ్చేవాళ్లు ఆ పరీక్షకి కూర్చోవాలంటే సీఏఏహెచ్‌ఈపీ గానీ ఏబీహెచ్‌ఈఎస్ గానీ గుర్తించిన కోర్సులో చదివి ఉండాలి. మీరుండే టెక్సాస్‌లో ఆస్పత్రులు ఇలాంటి సర్టిఫికేషన్ ఉన్నవాళ్లనే తీసుకోవాలని 2009 నుంచి చట్టమే ఉంది. మనుషులు దొరకనప్పుడు ఆస్పత్రులకి కొంత వెసులుబాటు ఉన్న మాట నిజమే, కానీ దాన్ని నమ్ముకుని 31 వేలు అప్పు చేయలేం. ఆ రెండు సంస్థల వెబ్‌సైట్లలోకి మీరే వెళ్లి, మీరు చదవబోయే క్యాంపస్ పేరుతో కోర్సు ఉందో లేదో చూసుకోండి. అదే స్కూలుకి వేరే ఊళ్లో గుర్తింపు ఉంటే మీకు ఒరిగేదేమీ లేదు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. మీలాగే పిల్లల తల్లి. ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద తెల్ల టవల్ పరిచి, ప్రాక్టీసు కోసం కొనుక్కున్న క్లాంపులు (సర్జరీలో వాడే పట్టకార్లు) వరసగా పేర్చుకునేవారు. కళ్లు మూసుకుని ఒక్కోటీ తడిమి చూసి ఇది మస్కిటో, ఇది కెల్లీ, ఇది ఆలిస్ అని చెప్పేవారు. కోర్సు బాగానే పూర్తి చేశారు. తీరా పరీక్షకి అప్లై చేస్తే, ఆ కోర్సుకి గుర్తింపు లేదని తేలింది. చేరేటప్పుడు స్కూల్లో ఎవరూ ఆ ముక్క చెప్పలేదు. లోన్ కంతు మాత్రం నెలనెలా కట్టుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఆవిడ మొహం నాకింకా గుర్తుంది.

సరే, ప్రైవేట్ స్కూల్ కోర్సుకి గుర్తింపు ఉందనే అనుకుందాం. 31 వేలకి 12 శాతం చొప్పున పదేళ్లంటే నెలకు సుమారు 445 డాలర్లు. మొత్తం కట్టేది దాదాపు 53,400. కమ్యూనిటీ కాలేజీకన్నా 44 వేల పైచిలుకు ఎక్కువ.

ఆగడానికి కూడా ఖర్చుంది, దాన్నీ లెక్కలో వేద్దాం. ప్రైవేట్ స్కూల్లో చేరితే వచ్చే ఏడాది కాకుండా ఆ పై ఏడాది మార్చి ఆఖరుకి అయిపోతుంది. కమ్యూనిటీ కాలేజీలో జనవరి నుంచి జూలై దాకా ముందు సబ్జెక్టులు, ఆగస్టులో అసలు కోర్సు, ఏడాది కోర్సు అనుకుంటే ఆ పై ఆగస్టుకి పూర్తి. తేడా అయిదు నెలలు. ఈ ఉద్యోగానికి దేశం మొత్తం మీద మధ్యస్థ జీతం 2023లో ఏడాదికి 60 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంది. కొత్తవాళ్లకి అంత రాదు, 48 వేలు వేసుకుందాం. పన్నులు పోగా నెలకు 3,200 వస్తుందనుకుంటే, ఇప్పటి 1,300 కన్నా 1,900 ఎక్కువ. అయిదు నెలలకి 9,500. సీటు తప్పిపోయి ఇంకో ఏడాది ఆగినా 17 నెలలకి 32,300. ఎలా చూసినా 44 వేలకి చేరట్లేదు. పైగా ఆగినన్నాళ్లూ మీ నెత్తిన అప్పు ఉండదు.

529 ప్లాన్ సంగతి. చట్టప్రకారం వాడొచ్చు. లబ్ధిదారుగా పిల్లల పేరు తీసి మీ పేరు పెట్టుకున్నా పెనాల్టీ పడదు. కానీ వద్దంటాను. ఆ డబ్బు పిల్లలదన్న సెంటిమెంట్‌తో కాదు, పన్ను లెక్క ప్రకారమే వద్దంటున్నాను. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అని ఒకటుంది. ఏడాదిలో ఫీజు, పుస్తకాల మీద 4,000 ఖర్చు పెడితే 2,500 దాకా పన్నులో తగ్గుతుంది. దంపతులు కలిసి ఫైల్ చేసేటప్పుడు ఆదాయం లక్షా 60 వేలు దాటకపోతే పూర్తిగా వస్తుంది, మీరు ఆ లోపలే ఉన్నారు. 529 నుంచి పన్ను లేకుండా తీసి కట్టిన ఖర్చుకే మళ్లీ క్రెడిట్ అడగడం కుదరదు. అందుకని ఫీజు నెలనెలా వచ్చే జీతంలోంచి కట్టండి. మీ చదువు రెండు క్యాలెండర్ సంవత్సరాల్లో పడుతుంది. ఏటా 4,500 చొప్పున కడితే రెండుసార్లూ కలిపి 5,000 వెనక్కి రావొచ్చు. 9 వేల కోర్సు 4 వేలకి దిగుతుంది.

ఇక్కడ మీ బీకాం అడ్డొస్తుందా? నాలుగేళ్ల కాలేజీ చదువు అప్పటికే పూర్తయినవాళ్లకి ఈ క్రెడిట్ రాదు. అయితే అది మీరు చేరే కాలేజీ మీ పాత చదువుని ఎన్నేళ్ల చదువుగా లెక్కగట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మీది మూడేళ్ల డిగ్రీ కాబట్టి అవకాశం బాగానే ఉంది. మార్కుల జాబితాలు, కాలేజీ ఇచ్చిన మదింపు కాగితం తీసుకుని పన్ను లెక్కలు చూసే మీ సీపీఏ దగ్గర కూర్చోండి. ఇది రాకపోతే లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ ఉంది, అందులో ఫీజు మీద 20 శాతం వస్తుంది. తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం పెల్ గ్రాంట్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. విదేశీ డిగ్రీ ఉన్నా మామూలుగా ఇవ్వరు, పైగా మీ ఇంటి ఆదాయానికి అది అందదు. అయినా ఫాఫ్సా, అంటే ప్రభుత్వ విద్యాసాయం దరఖాస్తు, నింపండి. ఎప్పుడైనా లోన్ అవసరమైతే ఫెడరల్ లోన్ తీసుకోవచ్చు, 2025-26లో దాని వడ్డీ 6.39 శాతమే.

నాకు అసలు బెంగ ఫీజు గురించి కాదు, క్లినికల్స్ గురించి, అంటే ఆస్పత్రిలో చేసే ప్రాక్టికల్ శిక్షణ గురించి. కోర్సు పూర్తవ్వాలంటే ఆపరేషన్ థియేటర్లో కనీసం 120 కేసుల్లో పాల్గొనాలి. దానికి జీతం ఇవ్వరు. మొదటి కేసు ఏడున్నరకి మొదలవుతుందంటే మీరు ఆరున్నరకే స్క్రబ్స్‌లో ఉండాలి. అప్పటికి పిల్లల స్కూల్ బస్సు కూడా రాదు. స్టోర్ ఉద్యోగం దాదాపు మానేయాల్సి వస్తుంది. ఎనిమిది నెలలు ఆ 1,300 రాకపోతేనే 10,400. దాని పైన పొద్దున, సాయంత్రం పిల్లల్ని చూసుకునేవాళ్ల ఖర్చు. చాలా ఇళ్లలో చదువు మధ్యలో ఆగిపోయేది ఫీజు కట్టలేక కాదు, ఇదిగో ఈ నెలల్ని దాటలేక. మీ వారు వారంలో రెండు రోజులైనా పొద్దున పూట ఇంటి నుంచి పనిచేయగలరేమో ఇప్పుడే మాట్లాడుకోండి. జనవరి నుంచి మీ జీతంలో సగం, అంటే 650, వేరే ఖాతాలో వేస్తూ రండి. జూలైకి 4,550 అవుతుంది. చేతిలో ఉన్న 11 వేలు మాత్రం కదపకండి. మీ ఇంట్లో వచ్చే పెద్ద జీతం ఒక్కటే, అది ఆగితే దిక్కు ఆ డబ్బే.

చిన్న ఖర్చులు కూడా కొన్ని ఉంటాయి: బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్, సీపీఆర్ కార్డు, బూట్లు. టీకాల విషయంలో ఆలస్యం చేయొద్దు. హెపటైటిస్-బి మూడు డోసుల టీకా అయితే పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది. మనలో చాలామందికి చిన్నప్పుడు బీసీజీ వేశారు కాబట్టి చర్మం మీద చేసే టీబీ పరీక్ష పాజిటివ్ చూపించొచ్చు. దానికి బదులు రక్తపరీక్ష ఒప్పుకుంటారా అని కాలేజీని ముందే అడగండి, అనవసరపు ఎక్స్‌రేలు, టెన్షన్ తప్పుతాయి.

ఆగస్టులో సీటు రాకపోతే ఏడాదంతా స్టోర్‌లోనే ఉండిపోవద్దు. ఆస్పత్రుల్లో స్టెరైల్ ప్రాసెసింగ్ విభాగం ఉంటుంది. వాడిన పనిముట్లు కడిగి, లెక్క చూసి, ట్రేలు సర్ది, స్టెరిలైజ్ చేసి మళ్లీ థియేటర్‌కి పంపుతారు. సర్టిఫికేషన్ అడిగే ఆస్పత్రులు చాలానే ఉన్నా, చేరాక నేర్పించేవి కూడా ఉన్నాయి. రేపు మీరు సర్జన్ చేతికి అందించే ప్రతి పనిముట్టూ అక్కడే మీ చేతికి అలవాటవుతుంది. ఇంకో లాభం ఏమిటంటే, ఉద్యోగుల చదువుకి యాజమాన్యం ఏటా 5,250 డాలర్ల దాకా ఇస్తే దాని మీద పన్ను లేదు. ఇంటర్వ్యూలో ఆ సదుపాయం ఉందా, చేరిన ఎన్ని నెలలకి వర్తిస్తుంది, చదువు అయ్యాక అక్కడే ఎన్నాళ్లు పనిచేయాలి అన్నవి అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.