పెంపుడు జంతువులు, ప్రశ్నలూ జవాబులూ: కుక్కకి పచ్చి మాంసం

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్ పిల్లకి నాలుగో నెల. పచ్చి మాంసమే అసలైన తిండని వీడియోల్లో చూసి, నెలన్నర నుంచి అన్నం మానిపించి రోజుకి అరకిలో బోన్‌లెస్ చికెన్ పచ్చిదే పెడుతున్నాం. ఒళ్లు బాగానే చేసింది గానీ వారం నుంచి ముందుకాళ్లు వంకరపోతున్నాయి. ఎత్తుకోబోతే కుయ్యోమంటోంది. కాల్షియం సిరప్ పట్టిస్తున్నాం. ఎంత మోతాదు ఇవ్వాలి? (ఒక పాఠకురాలు, రాజాం)

జవాబు: ముందు సిరప్ ఆపండి. పిల్లని చేతుల మీద కాకుండా పలక మీదో గట్టి అట్ట మీదో పడుకోబెట్టి ఎక్స్‌రేకి తీసుకెళ్లండి. గరివిడి పశువైద్య కళాశాల మీకు దూరం కాదు.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ఇది ఎముక లేని మాంసం తెచ్చిపెట్టిన జబ్బులాగే ఉంది. అరకిలో చికెన్‌లో భాస్వరం సుమారు 1000 మిల్లీగ్రాములు ఉంటే, కాల్షియం 60 కూడా దాటదు. ఎదిగే పిల్లకి ఆ తిండితో పాటు అందవలసిన కాల్షియం దాదాపు 1800. ఆ లోటు పూడ్చడానికి శరీరం తన ఎముకల్నే కరిగించుకుంటుంది. అందుకే రక్తపరీక్షలో కాల్షియం సరిగ్గానే కనిపిస్తుంది. అది చూసి 'ఏం లేదు' అనుకుంటే మోసపోతారు. ఎక్స్‌రేలో ఎముక పలచబడి, చుట్టూ ఉన్న కండరంతో దాదాపు సమానంగా మసగ్గా కనిపిస్తుంది. ఈ దశలో సోఫా మీంచి దూకినా కాలు విరగొచ్చు.

సిరప్ ఎందుకు వద్దన్నామంటే, ఆరు నెలల లోపు పెద్దజాతి పిల్లల పేగులు ఎక్కువైన కాల్షియాన్ని బయటే ఆపలేవు. లోటు ఎంత చేటో, మోతాదు మించడమూ అంతే చేటు. అప్పుడూ కాళ్లు వంకరపోతాయి. పెద్దజాతి పిల్లల కోసమని ప్యాకెట్ మీద రాసి ఉన్న సంపూర్ణ ఆహారానికి మారండి, దాని మీద విడిగా కాల్షియం ఏమీ వేయొద్దు. మెట్లు, పరుగులు, నున్నటి టైల్స్ నేల బంద్. చిన్న గదిలో గోనెపట్టా పరిచి ఉంచండి. తిండి సరిపడితే ఎముక నెలా రెండు నెలల్లో గట్టిపడుతుంది. ముదిరిన వంకర మాత్రం పూర్తిగా పోకపోవచ్చు. పెద్దజాతి పిల్లకి ఏడాది నిండేదాకా ఇంట్లో కలిపిన పచ్చి మాంసం తిండి జోలికే వెళ్లకూడదని మా మాట.

ప్రశ్న: ఆదివారం మటన్ కొట్టు దగ్గర ఊపిరితిత్తులు, కార్జం ముక్కలు ఊరికే ఇస్తారు. మా కుక్కకి పచ్చివే వేస్తాం. ఒక్కోసారి వాటిలో నీటి బుడగల్లాంటివి కనిపిస్తాయి. కోసి పారేస్తే సరిపోతుందా? (ఒక పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: సరిపోదు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మమ్మల్ని ఎక్కువ కంగారుపెట్టింది మీదే.

ఆ తెల్లటి పొర, లోపల తేటనీరు ఉన్న బుడగ హైడాటిడ్ తిత్తి అయ్యే అవకాశం బాగా ఉంది. దానిలో ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లలు ఉంటాయి. కుక్క దాన్ని తింటే ఆరేడు వారాల్లో పేగులో పురుగులు పెరిగి, పెంటతో గుడ్లు పడతాయి. కుక్కకి మాత్రం ఏ లక్షణమూ ఉండదు, తోక ఊపుకుంటూ తిరుగుతుంది. ఆ గుడ్లు దాని బొచ్చుకి అంటి, పిల్లల చేతుల మీదుగా నోట్లోకి వెళితే మనిషి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు ఏళ్ల తరబడి పెరుగుతాయి. చాలామందికి ఆపరేషన్ దాకా వస్తుంది. బుడగని కోసేటప్పుడు చిమ్మిన నీరు పక్క ముక్కల మీద పడుతుంది, కంటికి కనపడని చిన్న తిత్తులు లోపల మిగిలిపోతాయి. అందుకే కోసి పారేయడం పనికిరాదు. పెరట్లో పారేస్తే వీధికుక్క తింటుంది, కథ మళ్లీ మొదలు.

బుడగ కనిపించిన అవయవాన్ని కాల్చేయండి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి. కనిపించకపోయినా ఊపిరితిత్తులు, కార్జం చిన్న ముక్కలు చేసి, నీళ్లు మరగడం మొదలయ్యాక కనీసం అరగంట ఉడికించాకే పెట్టండి. ఇన్నాళ్లూ పచ్చివి పెట్టారు కాబట్టి కడుపులో పురుగులు పోయే మాత్ర ఇప్పుడే వేయాలి. మందు పేరు చూసి కొనండి: ప్రాజిక్వాంటెల్ ఉండాలి. పైరాంటెల్ ఒక్కటే ఉన్న మాత్ర ఈ పురుగుని తాకను కూడా తాకదు. మోతాదు కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు. 20 కిలోల కుక్కకి 100 మిల్లీగ్రాములు. పచ్చి అవయవాలు తినే అవకాశం ఉన్నంతకాలం ఆరు వారాలకోసారి వేయాలి. మందు వేశాక రెండు మూడు రోజులు పెంటని చేతికి తొడుగు వేసుకుని ఎత్తి పాతిపెట్టండి.

ప్రశ్న: మూడేళ్ల లాబ్రడార్, 30 కిలోలు. 80:10:10 లెక్కలో (మాంసం, బొమిక, అవయవాలు) పచ్చి మాంసం పెట్టాలని ఉంది. మన కొట్లలో దొరికేవాటితో ఎలా? డీప్ ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చస్తాయి కదా? (ఒక పాఠకుడు, పలాస)

జవాబు: పెట్టమని మేం చెప్పం. పెట్టేవాళ్లు తప్పు లెక్కతో పెట్టకూడదు కాబట్టి చెబుతున్నాం. రోజుకి బరువులో 2.5 శాతం అంటే 750 గ్రాములు. అందులో మాంసం 600, బొమిక 75, అవయవాలు 75. గుండె, కందనకాయ మాంసం ఖాతాలోకే వస్తాయి. అవయవాల్లో సగం కోడి కార్జం, మిగతా సగం కిడ్నీగానీ తిల్లిగానీ. అవి మటన్ కొట్టువైతే పైన చెప్పినట్టు ఉడకాల్సిందే. కార్జం బాగుందని ఎక్కువ వేస్తే విటమిన్ ఎ పేరుకుని ఎముకలు పట్టేస్తాయి. కోడి రెక్కలో సుమారు సగం బొమికే కాబట్టి 160 గ్రాములు, అంటే రెండు రెక్కలు, ఆ 75కి సరిపోతాయి. మిగిలిన 515 గ్రాములు మాంసం, గుండె, కందనకాయ కలిపి వేయండి. రెక్కని గబుక్కున మింగే కుక్క అయితే ఒక కొన మీరు పట్టుకుని నమిలించండి. ఉడికిన బొమిక మాత్రం ఎప్పుడూ వద్దు, అది సూదుల్లా విరిగి పేగుని చీలుస్తుంది.

పెంట చూస్తే లెక్క తెలుస్తుంది. సుద్దముక్కలా తెల్లగా పొడిపొడిగా ఉంటే బొమిక ఎక్కువైంది. నల్లగా జారుగా ఉంటే కార్జం ఎక్కువైంది. ఇంత చేసినా జింకు, మాంగనీసు, విటమిన్ ఇ, అయోడిన్ తక్కువే పడతాయి. 2013లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు ఇంట్లో చేసే కుక్క తిండి వంటకాలు 200 పరిశీలిస్తే, 95 శాతంలో కనీసం ఒక పోషకం లోపించింది.

ఫ్రీజర్ సంగతి: గడ్డకడితే కొన్ని పరాన్నజీవులు చస్తాయి గానీ సాల్మొనెల్లా అనే క్రిమి చావదు, నిద్రపోతుందంతే. కరెంటు పోతే లేస్తుంది. 2018 తిత్లీ తుపాను తర్వాత కరెంటు లేక మీ వైపు ఎన్ని రోజులు గడిచాయో మీకు చెప్పక్కర్లేదు. ఒకసారి కరిగిన మాంసం మళ్లీ గడ్డకట్టించొద్దు. గిన్నె 20 నిమిషాల్లో తీసేసి సబ్బు, వేడినీళ్లతో కడగండి. కుక్క ఆరోగ్యంగా కనిపిస్తూనే పెంటలో, లాలాజలంలో ఆ క్రిమిని వదులుతుంది. ఇంట్లో గర్భిణీ, ఐదేళ్ల లోపు పిల్లలు, ముసలివాళ్లు, కీమో చేయించుకుంటున్నవాళ్లు ఉంటే ఈ ఆలోచన మానుకోవడమే.

ప్రశ్న: పచ్చి మాంసం తింటే కుక్క క్రూరంగా మారుతుందంటారు, నిజమేనా? (చీపురుపల్లి)

జవాబు: కాదు. బొమిక కొరుకుతున్నప్పుడు దగ్గరికెళితే గుర్రుమంటుంది, అది తన తిండి కాపలా. ఆ కాసేపు పిల్లల్ని దూరం పెట్టండి. పచ్చి పంది మాంసం మాత్రం ఏ కుక్కకీ వద్దు. దానితో వచ్చే ఆజెస్కీ వ్యాధి కుక్కకి ప్రాణాంతకం.

ప్రశ్న: మాది 20 కిలోల నాటు కుక్క. ఉడికించే పెట్టాలనుకుంటున్నాం. కొలతలు చెప్పండి. (ఆమదాలవలస)

జవాబు: రోజుకి: ఎముక తీసిన కోడి తొడమాంసం 350 గ్రాములు, కోడి కార్జం 25, బియ్యం 70, గుమ్మడికాయో చిక్కుళ్లో 80, నూనె ఒక చెంచా, అయోడిన్ ఉప్పు చిటికెడు. ఉల్లి, వెల్లుల్లి, మసాలా వద్దు. ఉల్లి ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది, మిగిలిన కూర పులుసు పోయడం కూడా అంతే. కుక్కర్లో మెత్తగా ఉడికించి, నీళ్లు పారబోయకుండా కలపండి. కుక్కకి అన్నం అరగదన్న మాట నమ్మొద్దు, ఉడికిన పిండిపదార్థం బాగానే అరుగుతుంది.

చల్లారాక అర టీస్పూన్ గుడ్డుపెంకు పొడి కలపాలి. మర్చిపోతే రాజాం కుక్కపిల్లకి జరిగిందే నెమ్మదిగా ఇక్కడా జరుగుతుంది. పెంకులు కడిగి పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో ముగ్గుపిండిలా మెత్తగా పట్టండి. గరుకుగా ఉంటే సరిగ్గా ఒంటబట్టదు. బదులుగా తాంబూలం సున్నం వాడుతున్నామని కొందరు రాశారు, అది నోరూ పేగూ కాలుస్తుంది. వారానికి రెండుసార్లు చికెన్‌లో వంద గ్రాములు తగ్గించి కవళ్లు (సార్డిన్ చేపలు) వేయండి. కవళ్లని పచ్చిగా పెడితే వాటిలోని థయామినేజ్ బి1 విటమిన్‌ని పాడుచేస్తుంది, ఉడికితే ఆ బాధ లేదు. కుక్కర్లో అరగంట ఉంచితే ముల్లు చేత్తో నలిపితే నలుగుతుంది. నలగనివి ఏరేయండి. ఎండుచేప వద్దు, ఉప్పు ఎక్కువ. జింకు, విటమిన్ ఇ ఈ గిన్నెలోనూ తక్కువే కాబట్టి వాటి పొడి డాక్టరు రాసిచ్చిన మోతాదులో కలపండి. పాత తిండి నుంచి ఒక్కసారిగా మార్చకుండా వారం రోజులు కొంచెం కొంచెంగా కలుపుతూ పోండి. నెలకోసారి తూకం వేసి, బరువు తగ్గితే బియ్యం 20 గ్రాములు పెంచండి.